గోదాం తాళం, కిటికీలో పుస్తకం



పలాస, కాశీబుగ్గల్లో జీడి పరిశ్రమ నడిపేవాళ్లు, అందులో పనిచేసేవాళ్లు, టెక్కలి బజారులో దుకాణాల వాళ్లు, ఉద్దానం ఊళ్ల సచివాలయాల్లో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగులు, ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలు, మీ అందరికీ ఇవాళ ఒకే ఒక్క సంగతి చెబుతాను. అది కంప్యూటరు సంగతి. కానీ జీడిపిక్కల దగ్గర మొదలుపెడతాను.

ఒక జీడి కార్ఖానా ఊహించుకోండి. 80 కిలోల బస్తాల్లో పిక్కలు దిగుతాయి. వాటిని ఉడికిస్తారు, కొట్టి పప్పు తీస్తారు, ఆరబెడతారు, పొర ఒలుస్తారు. గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క. చివరికి పప్పు డబ్బాల్లోకెక్కి గోదాంకి చేరుతుంది. గోదాంకి అరచెయ్యంత తాళం. తాళంచెవి గుమస్తా ఒక్కడి దగ్గరే ఉంటుంది. గుమస్తా నమ్మకస్తుడు. ఇరవై ఏళ్లుగా ఒక్క పలుకు పక్కకి పోనివ్వలేదు.

షావుకారు రాత్రి ఇంటికెళ్లేముందు ఒక పుస్తకంలో మర్నాటి పనులు రాస్తాడు. ఎవరికి ఎన్ని డబ్బాలు పంపాలి, ఏ లారీకి ఎక్కించాలి, ఎవరికి ఎంత డబ్బు ఇవ్వాలి. రాసి, ఆ పుస్తకం షెడ్డు కిటికీలో పెడతాడు. పక్కనే పెన్సిలు. పొద్దున్నే గుమస్తా వస్తాడు. పుస్తకం తీస్తాడు. అందులో ఏం రాసి ఉంటే అది చేస్తాడు. మారు ప్రశ్న వెయ్యడు. ఎందుకు వేస్తాడు? అది షావుకారు మాట కదా!

ఇప్పుడు చెప్పండి. తాళం గట్టిది. గుమస్తా మంచివాడు. తాళంచెవి ఎవరి చేతికీ పోలేదు. మరి గోదాం భద్రంగా ఉన్నట్టేనా?

లేదు. కిటికీ పక్కనుంచి నడిచిపోయే ఎవరైనా ఆ పుస్తకంలో ఒక్క వాక్యం రాస్తే చాలు. ఫలానా మనిషికి నాలుగు డబ్బాలు ఇవ్వు అని. పొద్దున్న గుమస్తా తన చేత్తో తాళం తీసి, తన చేత్తో డబ్బాలు దింపి ఇచ్చేస్తాడు. దొంగకి తాళంచెవి అక్కర్లేదు. గునపం అక్కర్లేదు. పెన్సిలు చాలు.

ఈ కిటికీలో పుస్తకం గురించే ఇవాళ్టి ప్రసంగం.

కంప్యూటరులో కూడా షావుకారు ఉంటాడు, గుమస్తా ఉంటాడు, పనివాళ్లు ఉంటారు. షావుకారుని విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్ అంటారు. లినక్స్‌లో రూట్ అంటారు. ఏ ఫైలైనా తెరవగలడు, ఏ ప్రోగ్రామైనా పెట్టగలడు, తీసేయగలడు. మామూలు యూజర్లకి అంత అధికారం ఉండదు. తమ ఫైళ్లు చూసుకుంటారు, తమ పని చేసుకుంటారు. అంతవరకే. ఇక గుమస్తా అంటే, కంప్యూటరు ఆన్ కాగానే ఎవరూ పిలవకుండానే లేచి పనిచేసే ప్రోగ్రాములు. వాటిని సర్వీసులు అంటారు. ప్రింటరుని చూసుకునేది ఒకటి, అప్‌డేట్లు తెచ్చేది ఒకటి, వేలిముద్ర యంత్రాన్ని నడిపేది ఒకటి. వీటిలో చాలావాటికి షావుకారుతో సమానమైన అధికారం ఉంటుంది. గోదాం తాళంచెవి వీటి దగ్గరుంటుంది.

మరి పుస్తకం ఏది? ఆ సర్వీసు ఏ ఫైలుని తెరిచి నడుస్తుందో ఆ ఫైలే పుస్తకం. ఆ ఫైలులో ఏముంటే సర్వీసు అది చేస్తుంది. ఆ ఫైలుని ఎవరైనా మార్చగలిగేలా వదిలేస్తే, ఏ అధికారమూ లేని మామూలు యూజరు అందులో తన మాట రాసి, ఆ మాటని షావుకారు అధికారంతో నడిపించుకుంటాడు. కింద ఉన్నవాడు పైకి ఎక్కేస్తాడు. దీన్నే కంప్యూటరు భాషలో ప్రివిలేజ్ ఎస్కలేషన్ అంటారు. పేరు పెద్దది. సంగతి కిటికీలో పుస్తకమే.

ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. దీన్ని ఈ ప్రసంగంలో మళ్లీ మళ్లీ చెబుతాను. పెద్ద అధికారంతో నడిచే ఫైలుని, చిన్న అధికారం ఉన్న చెయ్యి మార్చగలిగేలా వదలకూడదు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. మా కంప్యూటరు ముట్టుకునేది మా అబ్బాయి, మా దగ్గర పనిచేసే అమ్మాయి, అంతే. వాళ్లు దొంగలా అని మీరు అడగచ్చు. కాదు. వాళ్లని అనుమానించమని నేను చెప్పడం లేదు. ఇక్కడ చిన్న అధికారం ఉన్న చెయ్యి అంటే మనిషి చెయ్యే కానక్కర్లేదు. అబ్బాయి ఏదో సినిమా కోసం డౌన్‌లోడ్ చేసిన ఫైలు కావచ్చు. బిల్లు అని చెప్పి ఈమెయిల్‌లో వచ్చిన ఫైలు కావచ్చు. ఆ ఫైలులో దాక్కుని వచ్చిన దొంగ ప్రోగ్రాము, ఆ అబ్బాయి పేరు మీద, ఆ అబ్బాయికున్న చిన్న అధికారంతోనే లోపల అడుగుపెడుతుంది. అక్కడితో ఆగిపోతే నష్టం కొంతే. కిటికీలో పుస్తకం దొరికిందా, ఇల్లంతా దానిదే.

ఇంకో సంగతి. రేపు లెక్క తేడా వస్తే, డబ్బు పోతే, అందరూ ఎవరి వైపు చూస్తారు? ఆ సీట్లో కూర్చున్న అమ్మాయి వైపు. ఫైలు తెరిచి వదిలింది ఎవరో అడగరు. నెలకి ఇంత జీతం మీద బతికే మనిషి మీద నింద పడుతుంది. ఈ సంగతి గురించి నేను పట్టుబట్టి మాట్లాడటానికి అది ఒక పెద్ద కారణం. అనుమతులు సరిగ్గా పెట్టిన కంప్యూటరు ఆస్తిని కాపాడటమే కాదు, దాని ముందు కూర్చున్న మనిషి పరువునీ కాపాడుతుంది.

సరే, ఈ అనుమతులంటే ఏమిటో కొంచెం చూద్దాం. ప్రతి ఫైలు దగ్గరా కంప్యూటరు మూడు ప్రశ్నలు వేసుకుంటుంది. దీన్ని ఎవరు చదవచ్చు? దీన్ని ఎవరు మార్చి రాయచ్చు? దీన్ని ఎవరు నడపచ్చు? చదవడం, రాయడం, నడపడం. రచ్చబండ దగ్గర గోడకి అంటించిన నోటీసు ఉందనుకోండి. అందరూ చదవచ్చు. దాని మీద రాసే హక్కు మాత్రం పంచాయతీది. ఆ ఒక్క తేడా పోతే ఆ నోటీసుకి విలువ లేదు.

లినక్స్ మీద పనిచేసే పిల్లలకి ఇది అంకెల్లో తెలుసు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. మూడూ కలిపితే 7. సొంతదారుకి ఒక అంకె, అతని బృందానికి ఒక అంకె, మిగతా లోకానికి ఒక అంకె. మూడు ఏడులు పక్కపక్కన పెడితే, ఈ ఫైలుతో ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చు అని అర్థం. ప్రాజెక్టు పనిచెయ్యకపోతే పిల్లలు మొదట చేసే పని ఈ మూడు ఏడులు కొట్టడం. పని అయిపోతుంది. అందుకే అది అలవాటవుతుంది. తరవాత ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆ అలవాటు వాళ్లతోనే వెళ్తుంది. అయ్యా, పిల్లలూ, మీ పెద్దన్నలా చెబుతున్నాను. ఆ మూడు ఏడులు కొట్టబోయే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఈ ఫైలుని ఎవరి అధికారంతో నడుపుతున్నారు? దీన్ని ఎవరు మార్చగలరు? ఈ రెండు ప్రశ్నలకి జవాబు చెప్పుకుని అప్పుడు కొట్టండి.

ఇంకో చిన్న మెలిక ఉంది. పుస్తకానికి తాళం వేశారు, ఎవరూ అందులో రాయలేరు. కానీ పుస్తకం పెట్టిన గూడు తెరిచే ఉంది. అప్పుడు? ఆ పుస్తకం తీసేసి, అదే అట్టతో ఇంకో పుస్తకం పెట్టేస్తే గుమస్తాకి తేడా తెలుస్తుందా? తెలియదు. కంప్యూటరులో గూడు అంటే ఫోల్డరు. ఫైలు ఒక్కటీ భద్రంగా ఉంటే చాలదు. అది ఉన్న ఫోల్డరు కూడా భద్రంగా ఉండాలి.

గూడు అన్నాను కాబట్టి ఒక నిజమైన కథ చెప్పాలి. టెక్కలి దగ్గర తేలినీలాపురం మీకు తెలుసు. ఏటా పక్షులు వస్తాయి. గూడబాతులు, కొంగలు చెట్ల మీద గూళ్లు పెట్టి, పిల్లల్ని పొదిగి, పెంచి వెళ్తాయి. ఏ గూడు ఎవరిదో వాటికి తెలుసు. కానీ కోయిల సంగతి వేరు. కోయిల గూడు కట్టదు. కాకి గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. కాకి ఆ గుడ్డుని తనదే అనుకుని పొదుగుతుంది, పిల్లకి మేత పెడుతుంది. మన పనసచెట్ల మీద, మన కొబ్బరితోటల్లో తరతరాలుగా చూస్తున్నదే.

1986లో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో సరిగ్గా ఇదే జరిగింది. అక్కడ క్లిఫర్డ్ స్టాల్ అని ఒక ఖగోళ శాస్త్రవేత్త ఉండేవాడు. నక్షత్రాలు చూసే మనిషిని కంప్యూటర్ల పనికి వేశారు. అప్పట్లో కంప్యూటరు వాడుకున్నంతసేపటికీ డబ్బు కట్టాలి. నెల లెక్కలో 75 సెంట్లు తేడా వచ్చింది. డాలరులో ముప్పావు వంతు. ఎవరైనా వదిలేస్తారు. ఆయన వదల్లేదు. ఆ 75 సెంట్లు ఎవరు వాడారు అని తవ్వుకుంటూ పోయాడు.

ఎవరో బయటివాడు లోపలికి వచ్చాడని తేలింది. మామూలు యూజరు పేరు మీద వచ్చాడు. చిన్న అధికారం. కానీ కొద్ది సేపటికే షావుకారు అయిపోయాడు. ఎలా? ఆ కంప్యూటరులో ఉత్తరాలు ఒక చోటినుంచి ఇంకో చోటికి జరిపే చిన్న ప్రోగ్రాము ఒకటుంది. దాన్ని అక్కడ రూట్ అధికారంతో నడిచేలా పెట్టారు. ఉత్తరాలు జరపడానికేగా అనుకున్నారు. కానీ అది జరిపేది ఉత్తరమా, ఇంకేదైనా ఫైలా అని చూడదు. ఎక్కడికి జరుపుతోందో కూడా అడగదు. ఏ ఫైలునైనా ఏ ఫోల్డరులోనైనా పెట్టేస్తుంది.

ఇంకో పక్క, ఆ కంప్యూటరులో ప్రతి 5 నిమిషాలకీ తనంతట తానే లేచి, షావుకారు అధికారంతో పనిచేసే ప్రోగ్రాము ఒకటుంది. అదే మన గుమస్తా. వచ్చినవాడు ఏం చేశాడంటే, ఆ ప్రోగ్రాముకి ఉన్న పేరుతోనే తనది ఒకటి రాశాడు. ఉత్తరాల ప్రోగ్రాము చేత దాన్ని తీసుకెళ్లి, అసలు దాని స్థానంలో పెట్టించాడు. 5 నిమిషాలు ఆగాడు. అంతే. కంప్యూటరే ఆ గుడ్డుని పొదిగింది. వాడికి షావుకారు అధికారం ఇచ్చేసింది. పని కాగానే దొంగ ఫైలు తీసేసి, పాతది యథాస్థానంలో పెట్టేశాడు. గూట్లో ఆనవాలు కూడా లేదు.

స్టాల్ ఏం చేశాడో వినండి. ఒక శనాదివారాల్లో ప్రయోగశాల అంతా తిరిగి, దొరికిన టెర్మినళ్లు, ప్రింటర్లు 50 దాకా అరువు తెచ్చి, బయటినుంచి వచ్చే ఒక్కో లైనుకీ ఒక్కోటి తగిలించాడు. వాటి పక్కనే నేలమీద పడుకున్నాడు. నెలల తరబడి వెంటపడ్డాడు. చివరికి దొంగ పశ్చిమ జర్మనీలోని హానోవర్ నగరంలో తేలాడు. మార్కస్ హెస్ అతని పేరు. అతనూ అతని ముఠా అమెరికా సైన్యానికి చెందిన కంప్యూటర్లలోకి దూరి, దొరికిన సమాచారాన్ని సోవియట్ గూఢచారి సంస్థకి అమ్మారు. 1990లో జర్మనీ కోర్టు శిక్ష వేసింది. స్టాల్ ఈ కథని 1989లో పుస్తకంగా రాశాడు. ఆ పుస్తకానికి ఆయన పెట్టుకున్న పేరుకి అర్థం కోయిల గుడ్డు.

ఒక ప్రోగ్రాముకి అవసరానికి మించి అధికారం ఇచ్చారు. అంతే జరిగింది. తాళం పగలలేదు. పెద్ద అధికారంతో నడిచే ఫైలు, చిన్న అధికారం ఉన్నవాడి చేతికి అందింది.

ఇది పాతకాలం కథ అనుకోకండి. 2021 జులైలో మైక్రోసాఫ్ట్ సంస్థ ఒక లోపాన్ని ఒప్పుకుంది. విండోస్‌లో పాస్‌వర్డుల గుర్తులు దాచే ఫైలు ఒకటుంటుంది. దాన్ని షావుకారు తప్ప ఇంకెవరూ చూడకూడదు. కానీ విండోస్ 10లో 1809 అనే వెర్షను నుంచీ ఆ తరవాత వచ్చినవాటిలో, దాని అనుమతుల్లో మామూలు యూజర్లు కూడా చదవచ్చు అని ఉండిపోయింది. కంప్యూటరు నడుస్తున్నంతసేపూ ఆ ఫైలుకి వేరే తాళం పడి ఉంటుంది. కానీ విండోస్ అప్పుడప్పుడూ తనలోని ఫైళ్లకి ఒక నకలు తీసి దాచుకుంటుంది. ఆ నకలుకి ఆ తాళం లేదు. నకలు చదివితే చాలు, పైకి ఎక్కేయచ్చు. ఇక్కడ రాయడం కూడా అక్కర్లేదు. చదివే అనుమతి ఒక్కటే పొరపాటు.

ఆగస్టులో దానికి అప్‌డేట్ వచ్చింది. కానీ ఒక మాట కూడా చెప్పారు. అప్‌డేట్ వేసుకున్నాక పాత నకళ్లని మీరే చెరిపెయ్యాలి అని. ఇది చాలామంది చదవని మాట. తలుపుకి కొత్త తాళం వేసినా, పాత నకలు పెట్టెలో ఉంటే ఏం లాభం?

ఇంక మన రాష్ట్రానికి, మన జిల్లాకి వద్దాం. 2017 మే 12న వన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తాను అన్న పురుగు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, వాటితోపాటు మన శ్రీకాకుళం జిల్లా కూడా ఆ జాబితాలో ఉందని అప్పటి పత్రికలు రాశాయి. ఆ పురుగు లోపలికి వచ్చిన దారి వేరు. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చోట ఉన్న కన్నంలోంచి వచ్చింది. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు.

కానీ నేను చెప్పదలచుకున్నది అది కాదు. లోపలికి వచ్చాక ఆ పురుగు మొదటగా చేసిన పనుల్లో ఒకటి ఏమిటో తెలుసా? తాను కూర్చున్న ఫోల్డరు మీద, దాని లోపలి ఫోల్డర్లన్నిటి మీద, ఎవరీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చుకుంది. అంటే, ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చు అని అనుమతులు తెరిచేసుకుంది.

ఈ ఎవరీవన్, ఫుల్ కంట్రోల్ అనే మాటలు నేను ఇంకోచోట కూడా విన్నాను. ఒక దుకాణంలో. ఏ ఊరో, ఏ దుకాణమో అనవసరం. కొత్తగా బిల్లింగ్ సాఫ్ట్‌వేరు వేయించారు. బిల్లు కొడితే సేవ్ అవ్వడం లేదు. దుకాణం ఆయన ఫోను చేశాడు. "ఏటి తమ్ముడూ, బిల్లు సేవ్ అవ్వట్లేదేటి?" అన్నాడు. అవతలి కుర్రాడు చాలా మర్యాదగా చెప్పాడు. "అన్నా, సి డ్రైవ్‌లో మన ఫోల్డరు మీద రైట్ క్లిక్ కొట్టు. ప్రాపర్టీస్‌లోకి వెళ్లు. సెక్యూరిటీలో ఎవరీవన్ పెట్టి ఫుల్ కంట్రోల్ టిక్కు కొట్టేయ్. ఓకే చేసేయ్." రెండు నిమిషాల్లో బిల్లు సేవ్ అయింది. అందరూ సంతోషించారు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. నాకు మాత్రం గుండెల్లో దడ పుట్టింది. దొంగ లోపలికి వచ్చి మొదట చేసే పనిని, మనం ముందే చేసి పెట్టాం.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతనికి ఎవరూ చెప్పలేదు. పని జరగాలి, కస్టమరు ఎదురుచూస్తున్నాడు. కానీ ఆ ఫోల్డరులో రెండు రకాల ఫైళ్లున్నాయి. ఒకటి, బిల్లులు, లెక్కలు దాచుకునే ఫైళ్లు. వీటిని బిల్లు కొట్టే మనిషి మార్చాలి. అది అవసరమే. రెండోది, సాఫ్ట్‌వేరు ప్రోగ్రాము ఫైళ్లు. వీటిని బిల్లు కొట్టే మనిషి మార్చాల్సిన పని జన్మలో రాదు. ఇవి నడిస్తే చాలు. రెండింటినీ ఒకే ఫోల్డరులో కలిపి, మొత్తానికి తలుపులు తెరిచేశాం. జీడిపప్పు తూచే అమ్మాయికి తూకం చీటీ రాసే హక్కు ఉండాలి. తూకం రాళ్లని అరగదీసే హక్కు ఉండకూడదు. ఆ రెండూ ఒకటి కావు.

అదీకాక సి డ్రైవ్ అన్నాడు చూడండి, అక్కడ ఇంకో సంగతి ఉంది. విండోస్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ అని ఒక ఫోల్డరుంది. అది గోదాం లాంటిది. మామూలు యూజర్లు అందులోవి చదవగలరు, నడపగలరు, మార్చలేరు. కానీ నేరుగా సి డ్రైవ్‌లో కొత్త ఫోల్డరు పెడితే, అది వాకిలి లాంటిది. కంప్యూటరులోకి లాగిన్ అయిన ఏ యూజరైనా అందులోవి మార్చే వీలు మామూలుగానే ఉంటుంది. ఎవరూ ప్రత్యేకంగా టిక్కు కొట్టనక్కర్లేదు. పిల్లలకి తెలిసిన ఉదాహరణ చెప్పాలంటే, పైథాన్ 2.7 అలాగే నేరుగా సి డ్రైవ్‌లో వచ్చి కూర్చునేది. చాలా సాఫ్ట్‌వేర్లు ఇప్పటికీ అలాగే చేస్తాయి. అలా వాకిట్లో కూర్చున్న సాఫ్ట్‌వేరు, కంప్యూటరు ఆన్ కాగానే పెద్ద అధికారంతో లేచే రకమైతే, అదే కిటికీలో పుస్తకం. ఫైలు మార్చినవాడు కంప్యూటరు మళ్లీ ఆన్ అయ్యేదాకా ఆగితే చాలు. కరెంటు ఒకసారి పోయి వస్తే సరిపోతుంది.

మళ్లీ చెబుతున్నాను. పెద్ద అధికారంతో నడిచే ఫైలుని, చిన్న అధికారం ఉన్న చెయ్యి మార్చగలిగేలా వదలకూడదు.

చదివే అనుమతి సంగతి కూడా మన రాష్ట్రంలోనే చూశాం. 2017 మేలో బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లు చూసి రాసినది. వాటిలో రెండు మన రాష్ట్రానివే. ఒకటి చంద్రన్న బీమా పథకానిది, ఇంకోటి ఉపాధి హామీ చెల్లింపుల వెబ్‌సైటు. ఆ నాలుగింటి ద్వారా సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు, 10 కోట్ల బ్యాంకు ఖాతాల నంబర్లు బయటపడి ఉండచ్చని అంచనా వేసింది. ఎవరూ తాళం పగలగొట్టలేదు. ఎవరైనా చదవచ్చు అని తెరిచి ఉంచారు. అది నేను ఇవాళ చెబుతున్న పైకి ఎక్కే లోపం కాదు, దాని తోబుట్టువు. ఎండలో మట్టి తవ్విన మనిషి ఖాతా నంబరది. లోకమంతా చూసేలా పెట్టమని ఆ మనిషి ఎవరికీ చెప్పలేదు.

ఉద్దానం వాళ్లతో మాట్లాడుతూ ఒక మాట చెప్పకుండా ఉండలేను. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస. ఈ ఊళ్లలో కిడ్నీ పరీక్షలో వచ్చే క్రియాటినిన్ అనే మాట డాక్టరు మాట కాదు, ఇంటి మాట. మీ నాన్నకి ఎంత ఉంది, మీ అత్తకి ఎంత ఉంది అని పలకరించుకుంటాం. ఆ అంకె ఇప్పుడు కంప్యూటర్లలో ఉంటోంది. డయాలసిస్ వివరాలు కంప్యూటర్లలో ఉంటున్నాయి. పింఛను జాబితా కంప్యూటర్లోనే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఆ తరవాత నష్టపరిహారం జాబితాలో పేరుందా లేదా అని ఎన్ని రోజులు తిరిగామో మనకి తెలుసు. ఒక ఫైలులో ఒక అంకె, ఒక పేరు మారితే ఒక ఇంట్లో ఏం జరుగుతుందో ఉద్దానంలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే ఆ ఫైళ్లని ఎవరు చదవచ్చు, ఎవరు మార్చచ్చు అన్నది కంప్యూటరు ఇంజనీర్లకి వదిలేసే ప్రశ్న కాదు. అది మన ప్రశ్న.

మరి మనం ఏం చెయ్యగలం? పెద్ద చదువు అక్కర్లేని పనులే చెబుతాను.

మొదటిది, కంప్యూటరులో రెండు ఖాతాలు పెట్టుకోండి. షావుకారు ఖాతా ఒకటి. రోజువారీ పనికి మామూలు ఖాతా ఒకటి. దీన్ని స్టాండర్డ్ యూజర్ అంటారు. బిల్లులు, ఉత్తరాలు, యూట్యూబు, అన్నీ మామూలు ఖాతాలోనే. కొత్త సాఫ్ట్‌వేరు వెయ్యాల్సి వచ్చినప్పుడే షావుకారు పాస్‌వర్డు కొట్టండి. చాలా దుకాణాల్లో, నెట్ సెంటర్లలో ఒకటే ఖాతా, అదీ షావుకారుదే ఉంటుంది. అప్పుడు దొంగ పైకి ఎక్కాల్సిన పని కూడా లేదు. పైనే దిగుతాడు.

తరవాత, సాఫ్ట్‌వేరు వేసే కుర్రాణ్ణి ఒక ప్రశ్న అడగండి. తమ్ముడూ, ఇది ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కూర్చుంటుందా, సి డ్రైవ్‌లో నేరుగా కూర్చుంటుందా? మా లెక్కల ఫైళ్లు వేరే ఫోల్డరులో పెట్టగలవా? ఈ ప్రశ్న పదిమంది అడిగితే, పదకొండో దుకాణానికి వచ్చేసరికి ఆ కుర్రాడే జవాబు సిద్ధం చేసుకుని వస్తాడు. ఎవరీవన్, ఫుల్ కంట్రోల్ అని ఎవరైనా చెబితే, ఒప్పుకోకండి. రాసే అనుమతి ఇవ్వాల్సి వస్తే లెక్కల ఫోల్డరు ఒక్కదానికే, ఆ పని చేసే మనిషి ఖాతాకే ఇవ్వమనండి. ప్రోగ్రాము ఫోల్డరు జోలికి పోవద్దని చెప్పండి.

అప్‌డేట్లు ఆపకండి. నెట్ ఖర్చవుతుందనో, పని ఆగుతుందనో చాలామంది ఆపేస్తారు. మధ్యాహ్నం భోజనానికి వెళ్లేటప్పుడు పెట్టి వెళ్లండి.

ఇంజనీరింగ్ పిల్లలకి ఇంకో పని ఉంది. సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు, మీ వీధిలో దుకాణం మామయ్య కంప్యూటరు, మీ చిన్నాన్న మిల్లులో కంప్యూటరు, వాళ్ల అనుమతి అడిగి, వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. అడగకుండా మాత్రం ఎవరి కంప్యూటరూ ముట్టుకోకండి. అది చట్టం ఒప్పని పని. మీరు నేర్చుకుంటున్నది మీ ఊరికి ఉపయోగపడటానికి ఇంతకంటే దగ్గర దారి లేదు.

చివరిగా మీ అందరికీ ఒక మనవి. రేపు పొద్దున్న కంప్యూటరు తెరవగానే, మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేరు ఉన్న ఫోల్డరు మీద రైట్ క్లిక్ కొట్టండి. ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ అనే చోటికి వెళ్లండి. అక్కడ ఎవరీవన్, యూజర్స్, ఆథెంటికేటెడ్ యూజర్స్ అనే పేర్లు కనిపిస్తే, ఒక్కోదాని మీదా నొక్కి, దాని కింద ఫుల్ కంట్రోల్‌కి గానీ, మాడిఫైకి గానీ టిక్కు ఉందేమో చూడండి. ఉంటే మీరే తీసెయ్యకండి, పని ఆగిపోవచ్చు. ఆ సాఫ్ట్‌వేరు వేసినవాళ్లకి అప్పుడే ఫోను చేసి, ఇది ఎందుకుంది, ఎప్పుడు సరిచేస్తారు అని అడగండి. సరిచేసేదాకా అడుగుతూనే ఉండండి.